కొల్లేటి చేపలు, వాటి దారులు: తరచుగా అడిగే ప్రశ్నలు

కొల్లేరు అనగానే పక్షులు, ఆక్రమణలు, వరదలు గుర్తొస్తాయి. చేపంటే మాత్రం గట్టు మీద ఐసు వేసి లారీకెక్కించే సరుకే చాలామందికి తెలుసు. సరస్సులో, ఒడ్డు తుంగలో, ఉప్పుటేరులో తమంతట తాము బతికే చేపల గురించి తరచూ వచ్చే ప్రశ్నలకు ఇక్కడ జవాబులున్నాయి. అన్నీ వరసగా చదవాలని లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

కొల్లేరు మంచినీటి సరస్సేనా? సముద్రం దగ్గరే కదా?

మంచినీటిదే. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉన్న పల్లం అది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు వచ్చి కలుస్తాయి. పొలాల నీళ్లు మోసుకొచ్చే డ్రెయిన్లు, కాలువలు ఇంకా పదుల్లో ఉన్నాయి. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు నీళ్లు కూడా చివరికి చేరింది ఇక్కడికే.

ఇన్ని దారుల్లో వచ్చిన నీళ్లు బయటికి పోవడానికి ఉన్నది ఉప్పుటేరు ఒక్కటే. అది సుమారు 60 కిలోమీటర్లు మెలికలు తిరిగి బంగాళాఖాతంలో కలుస్తుంది. వానాకాలంలో సరస్సు నీళ్లు సముద్రం వైపు తోసుకుపోతాయి. ఎండాకాలంలో సరస్సు మట్టం పడిపోతే పోటు మీద ఉప్పునీరు ఏటికి ఎదురెక్కి పైకి వస్తుంది. కాబట్టి ఎగువన పూర్తి మంచినీళ్లు, దిగువన పూర్తి ఉప్పునీళ్లు, మధ్యలో కాలాన్ని బట్టి మారే నీళ్లు. కొన్ని చేపల జీవితమంతా ఈ మూడింటి మధ్య తిరగడంతోనే గడిచిపోతుంది.

చేపకు లోతు నీళ్లు కావాలి గానీ, ఒడ్డున మోకాలి లోతు తుంగలో దానికేం పని?

అసలు కొల్లేరే పెద్ద లోతు సరస్సు కాదు. చాలాచోట్ల అర మీటరు నుంచి రెండు మీటర్ల లోపే. అందువల్ల మట్టం ఒక్క అడుగు పెరిగినా నీళ్లు పక్కకు ఎంతో దూరం పరుచుకుంటాయి. నిన్నటిదాకా గేదెలు మేసిన పచ్చిక మీద ఇవాళ నీళ్లు నిలుస్తాయి. చేపకు పండగ అప్పుడే.

కొత్తగా మునిగిన నేల మీద గడ్డి కుళ్లుతుంది, పేడ కరుగుతుంది. రెండు మూడు రోజుల్లో నీళ్లలో కంటికి కనిపించీ కనిపించని పురుగులు పుట్టుకొస్తాయి. గుడ్డులోంచి అప్పుడే బయటపడ్డ చేపపిల్ల నోటికి సరిపోయే తిండి ఇదే. పైగా పల్చటి నీళ్లు ఎండకు త్వరగా వేడెక్కుతాయి, దాంతో పిల్ల తొందరగా పెరుగుతుంది. వాలుగ లాంటి పెద్ద చేప ఆ దట్టమైన తుంగలోకి, జమ్ములోకి జొరబడి వేటాడటం కష్టం.

కొర్రమీను సంగతే చూడండి. తుంగ మధ్య గుండ్రంగా ఒక చిన్న జాగా శుభ్రం చేసుకుని గుడ్లు పెడుతుంది. గుడ్లు పసుపు రంగులో పైకి తేలతాయి. తల్లో తండ్రో కిందే కాపలా ఉంటుంది. ఒకటి రెండు రోజుల్లో పిల్లలు వస్తాయి. కొన్నాళ్లపాటు అవి ఎర్రగా, ఒకే గుంపుగా తిరుగుతుంటాయి. నీటి పైన సన్నటి చినుకులు పడ్డట్టు ఒకచోట కదలిక కనిపిస్తుంది, దగ్గరికి వెళ్తే ఎర్రటి మచ్చ ఒకటి జరుగుతూ ఉంటుంది. దాని కింద ఎక్కడో పెద్ద చేప ఉన్నట్టే. ఆ సమయంలో గాలం వేసి దాన్ని పట్టడం చాలా తేలిక, కాపలా ఉన్న చేప దగ్గరికొచ్చిన దేన్నైనా కరుస్తుంది. అలా పట్టేస్తే ఆ పిల్లల గుంపు మొత్తం దిక్కులేనిదవుతుంది. నన్నడిగితే అది వేట అనిపించుకోదు.

పరిగెల గుడ్లకు జిగురు ఉంటుంది, అవి నీటి మొక్కలకు అంటుకుంటాయి. బొమ్మిడాయిలకూ నాచు, మొక్కల వేళ్లు కావాలి. తుంగ కొట్టేసి నున్నగా చేసిన ఒడ్డు మన కంటికి శుభ్రంగానే ఉంటుంది, గుడ్డు అంటుకోవడానికి మాత్రం చోటుండదు.

తొలకరికి చేపలు ఎందుకు ఎదురెక్కుతాయి?

జూన్, జూలైలలో మొదటి గట్టి వానకు డ్రెయిన్ల నిండా ఎర్రనీళ్లు వస్తాయి. నీటి వేడి తగ్గుతుంది, ప్రవాహం మొదలవుతుంది, మట్టి వాసన మారుతుంది. గుడ్లతో సిద్ధంగా ఉన్న చేపకు ఇవే సంకేతాలు. జెల్లలు, పరిగెలు, వాలుగలు వచ్చే నీటికి ఎదురు ఈదుతూ కాలువల్లోకి, అక్కడి నుంచి వరి మడుల్లోకి పోతాయి. పల్లెల్లో పిల్లలు మడి గండి దగ్గర చేపలు పట్టేది ఈ రోజుల్లోనే.

బొచ్చె, శీలావతి, ఎర్రమోసు కథ కొంచెం వేరు. ఇవి నిలవ నీటిలో గుడ్లు పెట్టవు. నదికి వరద వచ్చి ఒడ్లు మునిగినప్పుడు ఆ పల్చటి నీటిలో పెడతాయి. గుడ్లు అంటుకోకుండా ప్రవాహంతో పాటు కొట్టుకుపోతూ ఒక రోజు గడవక ముందే పిల్లలవుతాయి. అందుకే చెరువుల్లో వీటిని పెంచేవాళ్లు పూర్వం నది నుంచి పిల్లలు ఏరుకొచ్చుకోవలసి వచ్చేది. 1957 జూలై 10న డాక్టర్ హీరాలాల్ చౌదురి పీయూష గ్రంథి రసం ఎక్కించి వీటి చేత గుడ్లు పెట్టించాక ఆ అవసరం తీరింది. జూలై 10ని చేపల రైతుల దినంగా జరుపుకునేది అందుకే. ఇవాళ కైకలూరు, ఆకివీడు చుట్టుపక్కల కనిపించే చెరువులన్నింటికీ మూలం ఆ ఇంజెక్షనే అనొచ్చు.

ఒకే చేప సరస్సు లోపలా, ఒడ్డునా, కాలువలోనా తిరుగుతుందా? లేక దేని చోటు దానిదేనా?

చాలా చేపలు తిరుగుతాయి. ఏడాది మొత్తమే కాదు, ఒక్క రోజులో కూడా.

దట్టమైన నాచు, మొక్కలు పగలంతా ఆక్సిజన్ వదులుతాయి. రాత్రి అవే ఆక్సిజన్ పీల్చుకుంటాయి. తెల్లవారుజాము నాలుగైదు గంటలకు తుంగలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. చేపల చెరువున్న ఎవరినైనా అడగండి, ఆ టైమ్‌లో ఉండే టెన్షన్ ఏమిటో చెబుతారు. చెరువులో చేప నీటిపైకి తేలి నోరు తెరుస్తుంది, రైతు లేచి ఏరియేటర్ వేస్తాడు. సరస్సులోని చేపకు ఏరియేటర్ లేదు కానీ, గట్టు అడ్డం లేకపోతే అది కాస్త ఇవతలికి, గాలికి అలలు లేచే తెరిపి నీళ్లలోకి వచ్చేస్తుంది. పొద్దెక్కాక మళ్లీ మేతకు తుంగలోకి పోతుంది.

ఇలా రాలేని చోట బతికేవి గాలి పీల్చే చేపలే: కొర్రమీను, మార్పు, ఇంగిలాయి. మొప్పలతో పాటు పైనుంచి గాలి గుటక వేసుకుని వాడుకునే ఏర్పాటు వీటి శరీరంలోనే ఉంది. ఒక ప్రాంతంలో వలకు ఇవి తప్ప ఇంకేమీ పడటం లేదంటే అక్కడి నీళ్లకు ఊపిరాడటం లేదని అర్థం.

మరి ఎండాకాలంలో ఏమైపోతాయి?

మట్టం తగ్గే కొద్దీ నీటితో పాటు వెనక్కి, లోతు మడుగుల్లోకి, కాలువల్లోకి జరుగుతాయి. మడుగులో ఇరుక్కుపోయినవి పక్షులకో మనకో దక్కుతాయి. కొర్రమీను తడి బురదలో కొన్నాళ్లు ఓర్చుకుంటుంది, తడి నేల మీద పాకి పక్క గుంటలోకి పోగలదు కూడా. మిగతావాటిలో చాలావాటికి ఆ సౌకర్యం లేదు. వాటికి ఆ చివరి మడుగు దాకా నీటి దారి మిగిలి ఉండాలి.

ఉప్పుటేరులోంచి ఏమేం వస్తాయి?

ముందు పండుగప్ప. అది గుడ్లు పెట్టేది ఏటి మొగ దగ్గర, ఉప్పునీటిలో. పిల్లలు పోటుతో పాటు మడ అడవుల్లోకి, పక్క కాలువల్లోకి, వీలైతే ఇంకా పైకి మంచినీళ్లలోకి వస్తాయి. అక్కడ కొన్నేళ్లు తిని బలిసి, మగ చేపలుగా మళ్లీ కిందికి దిగుతాయి. ఇంకా పెద్దవయ్యాక వాటిలో చాలా భాగం ఆడ చేపలుగా మారిపోతాయి! బజారులో కనిపించే బాగా పెద్ద పండుగప్ప ఆడదయ్యే అవకాశమే ఎక్కువ.

నీలకంఠ రొయ్యది ఇందుకు ఎదురు ప్రయాణం. పెరిగేది మంచినీళ్లలో. పొట్ట కింద గుడ్లు అంటించుకున్న ఆడ రొయ్య ఉప్పు కలిసిన నీళ్లలోకి దిగాలి, లేకపోతే పిల్లలు బతకవు. అక్కడ దాదాపు నెల గడిచాక గోరంత పిల్లలు మళ్లీ పైకి బయల్దేరతాయి. అవి నడి ఏట్లో ఈదవు. ప్రవాహం నెమ్మదిగా ఉండే ఒడ్డంటా, గడ్డిని, రాళ్లను పట్టుకుని పాకుతూ వస్తాయి. రాత్రిపూట ఎక్కువ. తడిగా ఉంటే చిన్న అడ్డాన్ని పాకి దాటేస్తాయి, కానీ నిలువు కాంక్రీటు గోడ మీంచి నీళ్లు దూకుతుంటే అక్కడే ఆగిపోతాయి.

మలుగుపాము ఇంకా వింత. పాములా ఉండే ఈ చేప ఏళ్ల తరబడి మంచినీటి గుంటల్లో, బొరియల్లో బతికి, చివరికి గుడ్లు పెట్టడానికి నడిసముద్రానికి పోతుంది. దాని పిల్లలు గాజు పుల్లల్లా పారదర్శకంగా తిరిగొస్తాయి. ఇవి కాక పోటుతో వచ్చి బురద మీది నాచు గీరుకు తిని పోయే బొంతలు ఉన్నాయి.

పులస కూడా వస్తుందా?

రాదు. పులస గోదావరి చేప. వరద నీటికి సముద్రం నుంచి ఎదురెక్కి గోదావరిలోకే వస్తుంది. కానీ అది ధవళేశ్వరం దగ్గర ఆగిపోతుందనేది ఇక్కడ గమనించాల్సిన విషయం. 1852లో ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి దానికి అదే సరిహద్దు. గంగపై 1975లో ఫరక్కా బ్యారేజీ వచ్చాక ఎగువ ఊళ్లలో ఇలస (పులసకు అక్కడి పేరు) దాదాపు కనుమరుగైంది. ఉప్పుటేరు గురించి మాట్లాడేటప్పుడు ఈ రెండూ గుర్తుంచుకోవాలి.

ఉప్పుటేరు మీద రెగ్యులేటర్ (నీటిని ఆపి, వదిలే తలుపులున్న కట్టడం) కడితే చేపలకు మంచిదా, చెడ్డదా?

ఎప్పటి నుంచో నలుగుతున్న విషయం ఇది. కట్టాలనేవాళ్ల వాదనలో న్యాయం ఉంది. సరస్సులో మంచినీళ్లు నిలుస్తాయి, ఎండాకాలంలో ఉప్పు ఎక్కదు, ఒడ్డు ఊళ్ల తాగునీరు పాడవదు. మట్టం నిలిస్తే మంచినీటి చేపలకూ మేలే.

ఉన్న చిక్కల్లా పైన చెప్పిన పండుగప్ప, నీలకంఠ రొయ్యలతో. తలుపులు మూసి ఉన్నంతకాలం వాటికి దారి లేదు. కట్టాలా వద్దా అన్నదాని కంటే తలుపులు ఎప్పుడు తెరుస్తారు, ఎవరు తెరుస్తారు అన్నదే నాకు పెద్ద ప్రశ్నగా కనిపిస్తుంది. తొలకరి వరదకు కిందికి దిగే తల్లి రొయ్యకు, ఆ తర్వాత నెలా రెండు నెలల్లో పైకొచ్చే పిల్లలకు కొన్ని గంటలపాటు పోటు వేళ తలుపు తెరిచి ఉంచొచ్చు. పక్కన గరుకు రాళ్లు పరిచిన వాలు కాలువ ఒకటి కడితే రొయ్య పిల్లలు పాకి ఎక్కుతాయి. డిజైన్‌లోనే పెడితే ఇది పెద్ద ఖర్చు కాదు. కట్టేశాక తగిలించాలంటే ఎవరూ పట్టించుకోరు.

కాంటూరు (ఎత్తు గీత) లెక్కలకూ చేపకూ ఏమిటి సంబంధం?

సముద్ర మట్టానికి 5 అడుగుల ఎత్తు గీత లోపల ఉన్న సుమారు 308 చదరపు కిలోమీటర్లను 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 10 అడుగుల గీత దాకా లెక్కేస్తే 901 చదరపు కిలోమీటర్లు. 2002లో రామ్‌సర్ అనే అంతర్జాతీయ చిత్తడి నేలల జాబితాలోకి ఎక్కింది ఈ 901. అదే 3 అడుగుల గీతకు దిగితే సుమారు 135 మాత్రమే.

3 నుంచి 5 మధ్య తేడా మనిషికి రెండడుగులే. సరస్సు మాత్రం సగానికి పైగా ఆ రెండడుగుల్లోనే ఉంది. అందులోనూ ఎండి, మునిగి, మళ్లీ ఎండే నేల అదే. గుడ్లు పెట్టేది అక్కడే, పిల్లలు పెరిగేది అక్కడే. అందుకే అభయారణ్యాన్ని 3 అడుగులకు కుదించాలన్న మాట వచ్చినప్పుడల్లా పక్షుల గురించి చర్చ జరుగుతుంది గానీ, అసలు దెబ్బ తగిలేది చేపల పురిటిగదికి.

చేపల చెరువులు వేల ఎకరాలు ఉన్నాయి కదా, చేపలు పెరిగినట్టే కదా?

టన్నుల్లో చూస్తే పెరిగాయి. తవుడు, వేరుశనగ చెక్క తిని పెరిగిన శీలావతి కోల్‌కతా దాకా, అస్సాం దాకా పోతోంది. వేలమందికి బతుకు ఇచ్చిన పని అది, తేలిగ్గా కొట్టిపారేయడం తప్పు. 1976లో ప్రభుత్వమే సహకార సంఘాలకు సరస్సులో చెరువులు ఇప్పించిందని కూడా మరిచిపోకూడదు.

కానీ చెరువంటే నాలుగు వైపులా గట్టు. సరస్సు ఒడ్డున వరసగా చెరువులుంటే వరద నీళ్లు పక్కకు పరుచుకోలేవు, గట్ల మధ్య ఇరుకు కాలువలో ఎత్తుగా, జోరుగా పారతాయి. మునిగే పచ్చిక లేదు, పల్చటి నీళ్లు లేవు, తుంగ లేదు. మొదటి వానకు కాలువలోకి ఎదురెక్కిన జెల్లకు ఎటు తిరిగినా నిట్టనిలువు మట్టి గోడే. గట్టు దాటి లోపలికి పోయిందే అనుకోండి, పెంపకం పిల్లల్ని తింటుందని రైతు దాన్ని ఉండనివ్వడు. రైతు తప్పూ కాదది, పెట్టుబడి అతనిది.

సుప్రీంకోర్టు నియమించిన సాధికార కమిటీ ఆదేశాల మీద 2006లో 5 అడుగుల గీత లోపలి చెరువుల గట్లు కొట్టేశారు. ఆపరేషన్ కొల్లేరు అంటే అదే. చాలాచోట్ల గట్టుకు గండ్లు పెట్టారు తప్ప మట్టిని పూర్తిగా లాగి చదును చేయలేదు. ఆ తర్వాత కొన్ని గండ్లు పూడాయి. చేప కోణంలో చూస్తే సగం గట్టు మిగిలినా ఫర్వాలేదు, కాలువ వైపు ఒక గండి, సరస్సు వైపు ఒక గండి ఉంటే లోపల కొత్త తుంగ పెరిగి మంచి పురిటిగదే అవుతుంది. ఒక్క గండే ఉండి అవతలి వైపు మూసుకుపోతే నీళ్లు తీసినప్పుడు లోపలి చేపలన్నీ అక్కడే చిక్కుతాయి.

రోడ్ల వల్ల కూడా ఇబ్బందేనా?

ఇబ్బందే, గట్ల తర్వాత అవే. ఏలూరు–కైకలూరు రోడ్డులో పెద్ద ఎడ్లగాడి వంతెన దగ్గర వరదొస్తే జనం నీటిమట్టం చూసుకుంటారు. అలాంటి చోట వంతెన వెడల్పుగా ఉంటే నీళ్లకూ చేపలకూ దారి. లంక గ్రామాలకు వేసిన చిన్న రోడ్ల కింద తూములు మాత్రం చాలావరకు గుర్రపుడెక్కతో పూడి ఉంటాయి. తూము అడుగు కాలువ అడుగు కంటే ఎత్తున ఉంటే ఎండాకాలం మొదట్లోనే దారి తెగిపోతుంది. తూము వేసేటప్పుడు ఒక అడుగు కిందికి దించడం మేస్త్రీకి పెద్ద పనేం కాదు.

గుర్రపుడెక్క చేపలకు నీడ ఇస్తుంది కదా?

పల్చగా, అక్కడక్కడ ఉంటే ఇస్తుంది, దాని వేళ్లలో చిన్న రొయ్యలు, పిల్లలు దాక్కుంటాయి. కొల్లేటిలో సమస్య అది చాపలా కప్పేయడం. కింద వెలుతురుండదు, నాచు చస్తుంది, గాలికి నీళ్లు కదలవు. ఏలూరు, గుడివాడ, విజయవాడల మురుగు, చెరువుల నుంచి వదిలే మేత నీళ్లు దానికి ఎరువు. డెక్కను ఏటా లాగి గట్టున పోయడం కంటే ఆ ఎరువు తగ్గించడం ముఖ్యం. లాగినా మొత్తం నున్నగా చేయకుండా కాలువ మధ్యలో దారి తీసి, అంచున ఉన్న తుంగను, జమ్మును వదిలేయాలి.

క్యాట్‌ఫిష్, సక్కర్ చేప వచ్చాక సహజ చేపలు పోయాయంటారు, నిజమేనా?

కొంత నిజం. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ పెంపకం మన దేశంలో నిషేధం. అయినా దొంగచాటుగా పెంచుతున్నారు, వరదకు గట్టు తెగితే అవి సరస్సులోకి వస్తాయి. అది దొరికిందల్లా తింటుంది, గాలి పీలుస్తుంది, మురికి నీళ్లను తట్టుకుంటుంది. సక్కర్ చేప అక్వేరియంల నుంచి బయటపడింది. ఒళ్లంతా గట్టి పొలుసు, వలను చింపేస్తుంది, తినేవాళ్లు లేరు. దారులు బాగుచేస్తే ఇవి కూడా వాటి వెంటే తిరుగుతాయన్న భయం సబబే. కాకపోతే దారి మూసి ఉన్న చెడ్డ నీళ్లలో ఇవే గెలుస్తాయి.

కొంగలు, పెలికాన్లు చేపల్ని ఖాళీ చేస్తున్నాయా?

చేయడం లేదు. కొల్లేటి ఒడ్డున ఆటపాకలో గూడబాతులు (పెలికాన్లు) దిగాయంటే చుట్టుపక్కల వాటికి సరిపడా చేప ఉన్నట్టే. ఎండుతున్న మడుగుల్లో ఎటూ చచ్చిపోయే చేపల్ని తినేది ఎక్కువగా ఇవే. పెంపకం చెరువుల మీద పడినప్పుడు రైతుకు నష్టం నిజమే, అది వేరే లెక్క.

సరస్సులో చేపపిల్లల్ని వదిలితే చాలదా?

వదిలేది ఎక్కువగా బొచ్చె, శీలావతి. ఆ ఏడాదికి పట్టుబడి పెరుగుతుంది. పరిగె, బొమ్మిడాయి, జెల్ల, ఇంగిలాయిలను ఎవరూ వదలరు. లంకల్లో ఇళ్లలో వండుకునేవి, చిన్న మావుతో (చేపలు పట్టే బుట్టతో) పట్టి అరకిలో చొప్పున అమ్ముకునేవి అవే. వాటికి పిల్లలు పోయనక్కర్లేదు, పల్చటి నీళ్లూ తుంగా వదిలితే అవే పుడతాయి.

తెలంగాణ చెరువుల్లో కూడా ఇలాగేనా?

గొలుసుకట్టు చెరువులున్న చోట అచ్చం ఇలాగే. పై చెరువు మత్తడి (అలుగు) దుంకితే కింది చెరువు చేపలు ఆ నీటికి ఎదురెక్కుతాయి. మత్తడి వాలుగా, రాళ్లతో ఉంటే కొన్ని పైకి చేరతాయి, నిలువు గోడైతే కిందే గుమిగూడి వలలకు చిక్కుతాయి. శిఖం భూమిలో, అంటే చెరువు నీళ్లు పరుచుకునే నేలలో, ప్లాట్లు పడ్డాక పోయేది కొల్లేటిలో పోయినదే, పల్చటి నీటి అంచు. కొర్రమీను తెలంగాణ రాష్ట్ర చేప కూడా కాబట్టి ఆ అంచు గురించి అక్కడ ఎక్కువే మాట్లాడుకోవాలి.

దారి తెరిస్తే చేపలు తిరిగొస్తాయన్న గ్యారంటీ ఉందా?

ఒడిశాలో చిలక సరస్సు ఉంది. సముద్రంతో కలిపే మొగ పూడిపోయి, ఉప్పు తగ్గి, కలుపు పెరిగి, చేపల పట్టుబడి పడిపోయింది. 2000 సెప్టెంబరులో కొత్త మొగ తవ్వారు. కొద్ది సంవత్సరాల్లోనే పట్టుబడి కొన్ని రెట్లు పెరిగింది. 2002లో రామ్‌సర్ ప్రమాద జాబితా నుంచి కూడా చిలక బయటపడింది. అది ఉప్పు కలిసిన సరస్సు, కొల్లేరు మంచినీటిది, కాబట్టి అదే మందు ఇక్కడ పనిచేయదు. ఇక్కడ తెరవాల్సింది సముద్రపు మొగ కంటే ముందు ఒడ్డు గట్లు, తూములు.

సరస్సు అంచున నాకు చెరువో పొలమో ఉంది. నేను చేయగలిగింది ఏమైనా ఉందా?

కాలువ వైపు గట్టును నిట్టనిలువుగా కాకుండా కాస్త వాలుగా కట్టండి, నీటి అంచున రెండు మూడు గజాల తుంగ వదిలేయండి. అలల కోతకు గట్టు జారకుండా అదే కాపాడుతుంది. కాలువకు అడ్డంగా ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా దడి కట్టి మావులు పెట్టేవాళ్లుంటే జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యలో మూడో వంతు తెరిచి ఉంచమని సంఘంలో మాట్లాడండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే వేట నిషేధం సముద్రానికే, కొల్లేటి చేప గుడ్లు పెట్టేది అది అయిపోయాకే. చెరువు నీళ్లు వదిలేటప్పుడు ఒకేసారి మురుగంతా తెల్లవారుజామున వదలకండి, పగటిపూట కొద్దికొద్దిగా వదిలితే కాలువలో చేపకు ఊపిరాడుతుంది. తూము ముందు డెక్క తీయించే ఖర్చును పక్క రైతుతో కలిసి పంచుకుంటే ఒక్కొక్కరికి పడేది రెండు మూడు కూలీల ఖర్చే. ఆ పని మే నెలాఖరులోపే కానివ్వండి, మొదటి వాన పడ్డాక తీయిస్తే ఎదురెక్కే చేపలు అప్పటికే వచ్చేసి ఉంటాయి.